కూచిపూడికి కూడు పెట్టిందెవరు?

మొన్న మన కాలేజీ ఫెస్ట్ బడ్జెట్ మీటింగులో ఒక లైను కొట్టేశాం. "క్లాసికల్ డ్యాన్స్ - లైవ్ ఆర్కెస్ట్రా" అని ఉన్న లైను. డీజేకి డబ్బులున్నాయి, ఫ్లెక్సీలకి ఉన్నాయి, వాలంటీర్ల టీషర్టులకి కూడా ఉన్నాయి. "డ్యాన్స్ వాళ్లని పాట పెన్‌డ్రైవ్‌లో తెచ్చుకోమందాం" అని ఎవరో అన్నారు. అందరం తలూపాం. ఊపినవాళ్లలో నేనూ ఉన్నాను.

రాత్రి ఫోన్‌లో ఆ మాట మా చెల్లికి చెప్పాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "మృదంగం సార్ అయితే నేను ఆలస్యమైతే ఆగుతారన్నా. పెన్‌డ్రైవ్ ఆగదు కదా" అంది.

ఆ మాట పట్టుకునే ఈ వ్యాసం. కూచిపూడి చరిత్ర పుస్తకాల్లో దొరుకుతుంది. నేను చూడాలనుకున్నది దాని ఖర్చుల పద్దు. ఈ నాట్యం నేర్పడానికి, నేర్చుకోవడానికి, ఆడటానికి ఏ కాలంలో ఎవరు డబ్బు పెట్టారు? పెట్టేవాడు మారినప్పుడల్లా నాట్యం ఎలా మారింది? ఇంజనీరింగ్ వాళ్లం కాబట్టి ఇన్‌పుట్ చూడకుండా అవుట్‌పుట్ గురించి మాట్లాడకూడదు.

మాది ఖమ్మం జిల్లా తిరుమలాయపాలెం. మా చెల్లి ఏడేళ్ల వయసు నుంచి ఖమ్మంలో ఒక మేడం దగ్గర నేర్చుకుంటోంది. శని, ఆదివారాలు క్లాసు. తోడు వెళ్లే డ్యూటీ నాది. ఇంటర్ అయ్యేదాకా నా సెలవులన్నీ ఆ ఇంటి మెట్ల మీదే గడిచాయి. లోపల కర్ర చప్పుడు, బయట నేను, నా ఫిజిక్స్ పుస్తకం. నాట్యం రాకపోయినా లెక్క మాత్రం వచ్చింది.

మొదటి రెండేళ్లు పాట ఉండదు. పిల్లలకి విసుగు పుట్టేది ఇక్కడే. అరమండిలో, అంటే మోకాళ్లు పక్కలకి తెరిచి సగం కూర్చున్న భంగిమలో నిలబడి అడుగులు వేయాలి. వీటినే అడవులు అని కూడా అంటారు. "మా అమ్మాయికి అడవులు నేర్పుతున్నారు" అని మా నాన్న చెబితే, భద్రాచలం వైపు నుంచి వచ్చిన మా చుట్టం ఒకాయన, "మా దగ్గరికి పంపండి, కావలసినన్ని ఉన్నాయి" అన్నాడు. ఇంట్లో ఇప్పటికీ ఆ జోకు నడుస్తోంది.

ప్రతి అడుగునీ మూడు వేగాల్లో చేయాలి. తాళం మారదు, చేతి దెబ్బ అదే నడకలో పడుతుంది. రెండో వేగంలో ఒక దెబ్బకి రెండింతల అడుగులు, మూడో వేగంలో నాలుగింతలు. నేను మెట్ల మీద కూర్చుని పట్టుకున్న విషయం ఇంకొకటి ఉంది. తకిట అంటే మూడు, తకధిమి నాలుగు, తక తకిట అయిదు, తకిట తకధిమి ఏడు, తకధిమి తక తకిట తొమ్మిది. ఆదితాళానికి ఎనిమిది దెబ్బలు. దెబ్బకి ఒక అక్షరం చొప్పున అయిదక్షరాల ముక్కని అదేపనిగా అంటూ పోతే అది తాళం మొదలుతో మళ్లీ ఎప్పుడు కలుస్తుంది? ఎనిమిదిసార్లు అన్నాక, అయిదు ఆవర్తాలు తిరిగాక, నలభయ్యో అక్షరం అయిపోయిన చోట. దాన్నే సమానికి రావడం అంటారు. మనం క.సా.గు. అని బోర్డు మీద చేసింది ఎనిమిదేళ్ల పిల్లలు మడమలతో చేస్తారు. తప్పితే మేడం మళ్లీ మొదటి నుంచి చేయిస్తారు.

ఆ తర్వాత జతులు, శబ్దం, తరంగం. ఇత్తడి పళ్లెం అంచుల మీద నిలబడి, తల మీద నీళ్ల చెంబుతో చేసే తరంగం చూసి జనం చప్పట్లు కొడతారు. కానీ చెల్లి దృష్టిలో కష్టం అది కాదు. పళ్లెం ఆర్నెల్లలో లొంగుతుందట. ముఖం లొంగడానికి ఏళ్లు పడుతుందట. భామాకలాపంలో సత్యభామ జడని తెర మీదుగా బయటికి వేసి సభకి సవాలు విసిరే ఘట్టం ఉంది. ముఖం ఇంకా ఎవరికీ కనపడలేదు, అయినా పొగరు కనపడాలి. అది నేర్పడానికి సిలబస్ లేదు. గురువు ఎదురుగా కూర్చుని ఏళ్ల తరబడి చూస్తూ ఉండాలి.

పద్దులో మొదటి ఖర్చు అదే, గురువు గారి కాలం. రెండోది నేల. యూరప్ బ్యాలే స్కూళ్లలో పిల్లలు గెంతేది కింద ఖాళీ ఉంచి కట్టిన చెక్క నేల మీద. అది కొంచెం వంగుతుంది, దెబ్బని తను తీసుకుంటుంది. మనవాళ్లు సిమెంటు మీద, టైల్స్ మీద, గ్రానైటు మీద గట్టిగా తడతారు. ఆ దెబ్బంతా మడమకీ మోకాలికీ తిరిగొస్తుంది. మా చెల్లి పదో తరగతిలో మూడు నెలలు మడమ నొప్పితో మానేసింది. మెకానికల్ మిత్రులు ఎవరైనా చౌకగా ఇలాంటి నేల తయారుచేస్తే, అది మంచి మైనర్ ప్రాజెక్టు అవుతుంది.

ఇక చరిత్ర వైపు పద్దు చూద్దాం.

కృష్ణా జిల్లా మొవ్వ దగ్గరి కూచిపూడిలో ఈ కళ మొదట స్కూలు కాదు, మేళం. అందరూ మగవాళ్లే, అందరూ బ్రాహ్మణ కుటుంబాల వాళ్లే. తండ్రి నుంచి కొడుక్కి, మామ నుంచి అల్లుడికి నడిచేది. సిద్ధేంద్రయోగి ఆ ఊరి కుటుంబాల చేత, పుట్టిన ప్రతి మగపిల్లవాడూ జీవితంలో ఒక్కసారైనా సత్యభామ వేషం కట్టాలని మాట తీసుకున్నాడని చెప్పుకుంటారు. మేళం ఊళ్లు తిరిగేది. రాత్రంతా ఆట. కాగడాల వెలుగు. ముఖ్యమైన పాత్ర వచ్చే వేళకి కాగడా మీద గుగ్గిలం పొడి చల్లితే మంట భగ్గుమని లేచేది, అప్పటి స్పాట్‌లైటు అదే. బియ్యం, బట్టలు, కొంత డబ్బు ఊరు ఇచ్చేది. భోజనం, బస కూడా ఊరివే.

ఊరు ఇచ్చేది ఆటకి. మరి ఆట లేని రోజుల మాటేమిటి? ఇక్కడ మన ఖమ్మం కథ వచ్చి కలుస్తుంది. గోల్కొండ పాలకుడు అబుల్ హసన్ తానీషా బందరు వైపు వెళ్తూ కూచిపూడి వాళ్ల ఆట చూసి, మెచ్చి, ఆ ఊరిని వాళ్లకి అగ్రహారంగా ఇచ్చాడని ఆ ఊరివాళ్లు తరతరాలుగా చెప్పుకుంటున్నారు. తానీషా పేరు మాకు ఇంకో రకంగా తెలుసు. మా పక్కనే ఉన్న నేలకొండపల్లిలో పుట్టిన కంచర్ల గోపన్న, అంటే భక్త రామదాసు, పాల్వంచ తహసీల్దారుగా ఉండి ఖజానా సొమ్ముతో భద్రాచలం గుడి కట్టించాడని గోల్కొండలో చెరసాల పెట్టింది ఆయనే. ఒకే రాజు. ఒక చోట నాట్యానికి ఊరు రాసిచ్చాడు, ఇంకోచోట గుడికి ఖర్చు పెట్టినవాణ్ని జైల్లో వేశాడు. తేడా ఎక్కడుందంటే, మొదటిది ఆయన సంతకంతో జరిగింది, రెండోది సంతకం లేకుండా జరిగింది. ఫెస్ట్ కమిటీలో పనిచేసినవాళ్లకి ఈ తేడా విడమరచి చెప్పక్కర్లేదు.

సరదా పక్కన పెడితే, నాకు అసలు పట్టింది ఆ దానం రకం. చూసిన ఆటకి బహుమానంగా ఒక సంచీ ఇచ్చి పంపలేదు, భూమి ఇచ్చాడు అంటున్నారు. భూమి అంటే ఏడాది పొడుగునా తిండి. ఆట ఉన్నా లేకపోయినా పొద్దున్నే పిల్లల్ని నిలబెట్టి అడుగులు వేయించే తీరిక. ప్రదర్శనకి ఇచ్చే డబ్బు వేరు, సాధనకి ఇచ్చే డబ్బు వేరు. కథలో ఎంత నిజముందో ఏమో గానీ, ఈ రెండోది తరతరాలు అందబట్టే ఆ ఊళ్లో నాట్యం నిలిచిందని నేను అనుకుంటున్నాను.

అయితే ఆ భూమి కొన్ని ఇళ్లకే తిండి పెట్టింది. ఆడవాళ్లు ఆ వేదిక ఎక్కలేదు, వేరే కులాల వాళ్లూ ఎక్కలేదు. అదే తెలుగు నేల మీద గుళ్లలో, జమీందార్ల కొలువుల్లో నాట్యం చేసిన కళావంతుల స్త్రీలకి పోషణ మెల్లమెల్లగా తెగిపోయింది. 1947లో మద్రాసు రాష్ట్రంలో దేవదాసీ చట్టం వచ్చాక వాళ్ల నాట్యానికి బతుకుదెరువు కూడా పోయింది. ఒక కళకి గౌరవం, డబ్బు వస్తున్న కాలంలోనే పక్క కళ చేతులు ఖాళీ అయ్యాయి. ఈ రెండూ కలిపి చదవకపోతే పద్దు సగమే రాసినట్టు.

ఇరవయ్యో శతాబ్దంలో వేదాంతం లక్ష్మీనారాయణశాస్త్రి ఊరి కట్టుబాటు దాటి ఆడవాళ్లకి నేర్పారు, ఒంటరిగా చేసే నాట్యానికి దారి వేశారు. ఆయన దగ్గర నేర్చుకున్నవారిలో ఒకరు వెంపటి చినసత్యం. 1929లో కూచిపూడిలో పుట్టి, కుర్రతనంలోనే మద్రాసు చేరారు. సినిమాల్లో నృత్యదర్శకుడైన వెంపటి పెదసత్యం దగ్గర సహాయకుడిగా పనిచేశారు. 1963లో కూచిపూడి ఆర్ట్ అకాడమీ పెట్టారు. మేళం స్కూలుగా మారింది ఇక్కడే.

వాళ్ల నృత్యనాటకాలని మద్రాసులో చాలామంది "బ్యాలే" అనేవాళ్లు. ఆ మాట ఎక్కడిదో చూడండి. పారిస్ ఒపేరా నాట్యపాఠశాలని 1713లో పద్నాలుగో లూయీ పెట్టించాడు, అంటే రాజు ఖజానా. రష్యాలో సెయింట్ పీటర్స్‌బర్గ్ పాఠశాల 1738 నాటిది, అదీ రాజు ఖజానాయే. మన దేశానికి ఆ మాట బాగా అలవాటు చేసింది ఉదయశంకర్. ఆయన 1923లో లండన్‌లో అన్నా పావ్లోవాతో కలిసి రాధాకృష్ణ నాట్యం చేశారు. తర్వాత ఇంగ్లండ్‌కి చెందిన ఎల్మ్‌హర్స్ట్ దంపతుల సాయంతో అల్మోరాలో నాట్యకేంద్రం నడిపారు. అంత పేరున్న కేంద్రమూ యుద్ధకాలంలో డబ్బు అందక నాలుగైదేళ్లకే మూతపడింది. రాజు లేని చోట, ఒక్క దాత మీద ఆనుకున్న స్కూలు అంతే.

చినసత్యం గారి అకాడమీకి రాజూ లేడు, అగ్రహారమూ లేదు. టికెట్లు, సభలు, శిష్యుల కుటుంబాలు, సినిమా పరిచయాలు, విదేశీ యాత్రలు, ఇలా నాలుగు వైపుల నుంచి చిన్నచిన్నగా వచ్చేది. అది చాలక గురువు గారి సొంత కష్టం. ఎస్.వి. భుజంగరాయశర్మ రచన, పట్రాయని సంగీతరావు సంగీతం, చినసత్యం నృత్యం, ఈ ముగ్గురి కలయికలో శ్రీనివాస కల్యాణం, క్షీరసాగర మథనం లాంటివి వచ్చాయి. గమనించండి, కవి ఉన్నాడు, సంగీతకారుడు ఉన్నాడు, పాడేవాళ్లు, మృదంగం, వయొలిన్, వేణువు ఎదురుగా కూర్చుని ఉన్నారు. పెన్‌డ్రైవ్ కాదు. సంగీతరావు గారు ఏళ్ల తరబడి ఆ అకాడమీ మనిషిగానే ఉండి, 2021లో నూరేళ్లు దాటి కన్నుమూశారు. ఒక సంగీత దర్శకుడు ఒక నాట్యపాఠశాలనే అంటిపెట్టుకుని ఉండటం అంటే ఏమిటో ఊహించుకోండి. రోజూ రిహార్సల్లో అడుగు మారితే స్వరం మారుతుంది, స్వరం మారితే అడుగు మారుతుంది.

డబ్బు దారి మారగానే వేదిక కూడా మారింది. ఊళ్లో రాత్రంతా సాగిన ఆట సభా హాల్లో రెండు మూడు గంటలకి కుదిరింది. నటుడు తనే పలికే వాచికం తగ్గి, గాయకుడి గొంతు ముందుకొచ్చింది. నాకు భలే నచ్చేది ఇంకొకటి. ఊళ్లో మగవాళ్లు సత్యభామ వేశారు. ఆ వేషంలో వేదాంతం సత్యనారాయణశర్మ గారికి 1970లో పద్మశ్రీ వచ్చింది. మద్రాసులో శిష్యుల్లో అమ్మాయిలే ఎక్కువ, కాబట్టి అమ్మాయిలు మగ వేషాలు వేశారు. శోభానాయుడు పద్మావతి అయితే, శంకరాభరణంలో మనం చూసిన మంజుభార్గవి శ్రీనివాసుడు. జీతం ఇచ్చి మగ నటుల్ని పెట్టుకునే మేళం పోయి, ఫీజు కట్టే విద్యార్థినులతో నడిచే స్కూలు వచ్చినప్పుడు ఇలాగే జరుగుతుంది. సిద్ధాంతం తర్వాత చెప్పుకోవచ్చు, మొదట హాజరుపట్టీ చూడాలి.

అటు ఊళ్లో కూడా పని ఆగలేదు. ఏలూరు న్యాయవాది, నటుడు బందా కనకలింగేశ్వరరావు పూనికతో సిద్ధేంద్ర కళాక్షేత్రం వచ్చింది, తర్వాత అది తెలుగు విశ్వవిద్యాలయం కిందికి చేరింది. అంటే దాత ప్రభుత్వం అయింది. మన ఆదిలాబాద్ జిల్లా నుంచి వెళ్లిన రాజారెడ్డి, రాధారెడ్డి దంపతులు 1976లో ఢిల్లీలో నాట్యతరంగిణి పెట్టారు. శోభానాయుడు హైదరాబాద్‌లో సొంత అకాడమీ నడిపారు. అమెరికా తెలుగువాళ్లు ముందుకొచ్చాక, 2016 డిసెంబరులో విజయవాడలో 6,117 మంది ఒకేసారి కూచిపూడి చేసి గిన్నిస్‌కెక్కారు.

ఆ వీడియో మా ఇంట్లో చాలాసార్లు చూశాం. బాగుంది. కానీ అప్పుడు నేను వెతికిన లెక్క వేరు. ఆ ఆరువేల మందిలో ఎంతమందికి మర్నాడు క్లాసుకి వెళ్లే బస్సు చార్జీ ఉంది?

ఎందుకు వెతికానో చెబుతాను. మా చెల్లి బ్యాచ్‌లో ఒక అమ్మాయి ఉండేది. టైలరింగ్ చేసే ఇల్లు. అరమండిలో కూర్చుంటే నేలకి కట్టినట్టుండేది. మేడం ఎప్పుడూ ముందు వరుసలో ఆ పిల్లనే నిలబెట్టేవారు, మిగతావాళ్లు ఆమెని చూసి చేసేవాళ్లు. క్లాసు ఫీజులో మేడం ఎప్పుడో సగం తగ్గించారు, తర్వాత అడగడమే మానేశారు. అయినా ఏడో తరగతిలో మానేసింది. వార్షికోత్సవానికి డ్రెస్సు, నగలు, మేకప్, హాలు ఖర్చులో తలా ఇంత అని చీటీ వచ్చింది. ఆ చీటీ పట్టుకుని వెళ్లిన పిల్ల మళ్లీ రాలేదు. ఆ రోజు స్టేజీ వెనక ఉన్న ఫ్లెక్సీ మీద తొమ్మిది మంది దాతల ఫొటోలు ఉన్నాయి. వాళ్లని తప్పుపట్టను, అడిగినవాటికి వాళ్లు ఇచ్చారు. అడిగినవి హాలు, లైట్లు, షీల్డులు, భోజనాలు. అడుగులకి డబ్బు ఎవరూ అడగలేదు, అడుగుల మీద ఫొటో వేయడానికి చోటుండదు.

సర్కారు సాయం లేదని కాదు. సి.సి.ఆర్.టి. అని కేంద్ర సంస్థ ఒకటి ఉంది. 10 నుంచి 14 ఏళ్ల పిల్లలకి 1982 నుంచి కళల స్కాలర్‌షిప్ ఇస్తోంది. చాలాకాలం అది ఏడాదికి 3,600 రూపాయలు, గురువుకి కట్టే ఫీజులో కొంత వాపసు. చిన్న మొత్తమే, కానీ నెలనెలా లెక్కగట్టి సాధనకి ఇచ్చేది, అందుకే నాకు గౌరవం. హైదరాబాద్, వరంగల్, నిజామాబాద్‌లో ప్రభుత్వ సంగీత నృత్య కళాశాలలు, పాఠశాలలు ఉన్నాయి. అక్కడ ఫీజు తక్కువ. సర్టిఫికెట్ కోర్సు నాలుగేళ్లు, ఆపైన డిప్లొమా రెండేళ్లు. మా జిల్లా మనిషి భక్త రామదాసు పేరుతో కూడా ఒక కళాశాల ఉంది, సికింద్రాబాద్‌లో. పాలేరు నీళ్లని మా మండలానికి ఎత్తిపోసే పథకానికీ ఆయన పేరే, 2017లో అది మొదలైంది. నీళ్లు వచ్చినట్టు ఏదో ఒక రోజు కాలేజీ కూడా ఎత్తిపోతలో వస్తుందని మా నాన్న అంటుంటాడు.

భద్రాచలం అడవుల్లో కోయల కొమ్ము నృత్యం చూసినవాళ్లకి ఈ గొడవంతా వింతగా అనిపిస్తుంది. అడవిదున్న కొమ్ముల తలపాగా, పెద్ద డోలు, పెళ్లికీ పండగకీ ఆట. అక్కడ ఫీజు లేదు, పిల్లలు పెద్దవాళ్ల పక్కన నిలబడి నేర్చుకుంటారు. క్లాసు అనే మాటే లేని చోట సాధన ఖర్చు ఊరిలో కలిసిపోతుంది. కూచిపూడిని ఆ దారికి మళ్లించలేం, దానికి గురువు కావాలి, ఏళ్లు కావాలి. కానీ ఖర్చు ఊరు పంచుకోవడం అనేది మాత్రం అక్కడ చూసి నేర్చుకోదగ్గది.

ఇప్పుడు మా ఇంటి పద్దు. చెల్లి రంగప్రవేశానికి సిద్ధమని మేడం పోయినేడాదే చెప్పారు. రెండు గంటలు ఒక్కతే చేయాలి. హాలు, ఆర్కెస్ట్రా, డ్రెస్సులు, పిలుపు కార్డులు, వీడియో, భోజనాలు అన్నీ కలిపి వేరే వాళ్లు పెట్టిన ఖర్చు విని, నాన్న ఖమ్మం మార్కెట్ యార్డులో మిర్చి అమ్మిన తక్‌పట్టీలు మూడేళ్లవి తీసి మంచం మీద పరిచాడు. ఏమీ అనలేదు. వాటిని మళ్లీ మడిచి డబ్బాలో పెట్టాడు.

"నాకు హాలు వద్దు" అంది చెల్లి.

"మరి?"

"మన రామాలయం ఉంది కదా. మృదంగం మాత్రం నిజంది కావాలి."

మేడం ముందు ఒప్పుకోలేదు. తర్వాత ఒకరోజు ఊరికి వచ్చి గుడి ముందు నేల చూశారు. సిమెంటు. చెప్పులు విడిచి రెండుసార్లు తట్టి చూసి, దీని మీద చెక్కలు పరిపించండి అన్నారు. మా ఊరి వడ్రంగి ఒకాయన పాత తలుపుల చెక్కలిస్తానన్నాడు. కింద సైకిల్ ట్యూబు ముక్కలు పెడితే నేల కొంచెం వంగుతుందని నేను లెక్కలు వేస్తున్నాను. భోజనాలు ఊరివి. టైలర్ల అమ్మాయి ఇప్పుడు ఇంటర్ చదువుతోంది, చెల్లి వెళ్లి అడిగితే తాళాలు పట్టుకుని పక్కన కూర్చుంటానంది. నట్టువాంగం మేడం చేస్తారు, పాట మేడం గారి అక్కయ్య పాడతారు, మృదంగం సార్ దొరికారు.

వయొలిన్ దొరకలేదు. శ్రీరామనవమి తర్వాతి ఆదివారం, సాయంత్రం ఆరు గంటలకి. మన క్లబ్‌లో గానీ, మీ హాస్టల్ ఫ్లోర్‌లో గానీ వయొలిన్ వాయించేవాళ్లుంటే నాకు చెప్పండి. రెండు రిహార్సల్స్‌కి రావాలి. బస్సు చార్జీ, బస, భోజనం మావి.